సైకిలు విషయమై బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

అమ్మ మోకాలి నొప్పి బాగా తగ్గింది. నువ్వు పంపిన తైలం వల్లనా, పక్కింటి పిన్నిగారు చెప్పిన ఇసుక కాపడం వల్లనా అంటే రోజుకో మాట చెబుతోంది. సైకిలు సంగతి నువ్వు ఫోన్లో అడిగినప్పుడే చెప్పొచ్చు గానీ, నేను గొంతు సవరించుకునేలోపు నీకు ఆఫీసు నుంచి ఇంకో కాల్ వస్తుంది, అందుకని తీరిగ్గా కాగితం మీద పెడుతున్నాను.

"పాతది బాగానే ఉంది కదా, లక్షన్నర పొయ్యడం దండగేమో నాన్నా" అంటావు. మళ్ళీ ఆ నోటితోనే "షాపులో ఒకసారి తొక్కి చూశాను, దానంతటదే పోతోంది" అంటావు. ఆ రెండో మాట అన్నప్పుడు నీ గొంతు విన్నాను తల్లీ. కొనుక్కో. నీ జీతం, నీ కాళ్ళు. అయితే తండ్రిని కాబట్టి నాలుగు ముక్కలు చెప్పకుండా ఊరుకోలేను.

నువ్వు చలికాలంలో వెళ్దామనుకుంటున్న ఆ 200 కిలోమీటర్ల బ్రెవే సైకిలు యాత్ర గురించి కనుక్కున్నాను. గడువు పదమూడున్నర గంటలట, టిఫిను, పంక్చరు, చెట్టుకింద నడుం వాల్చడం అన్నీ అందులోనే. లెక్క వేస్తే గంటకు పదిహేను కిలోమీటర్ల లోపే. ఆ మాత్రం వేగం నీ పాత సైకిలుకీ ఉంది, కాబట్టి వేగం పేరు చెప్పి కొనకు. వేగం పెరిగేకొద్దీ మన బలంలో ఎక్కువ భాగం ఎదురుగాలిని చీల్చడానికే పోతుంది, నువ్వు షాపులో చూసినలాంటి సైకిళ్ళ మీద వంగి కూర్చునేది అందుకే. బరువు తక్కువైన సుఖం చదును రోడ్డు మీద అంతగా తెలియదు, వికారాబాదు దాటి అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు తెలుస్తుంది. నువ్వు ఎక్కువగా తొక్కేది ఔటర్ రింగు రోడ్డు పక్కన ఆ సోలార్ పలకల కప్పు కింద. 2023 అక్టోబరులో తెరిచినప్పుడు పేపర్లో ఫోటో చూసి, 23 కిలోమీటర్ల సైకిలు బాట మీద నీడ వేశారే అని అమ్మకి చూపించాను. అక్కడ తొక్కడానికి లక్షన్నర అక్కర్లేదు.

మరి కొనుక్కోమని ఎందుకన్నానంటే, బ్రేకుల కోసం. నేను బడికి వెళ్ళే రోజుల్లో నా అట్లాసుకి కడ్డీ బ్రేకులుండేవి. వాన పడిందంటే ఇనప రిమ్ము తడిసి రబ్బరు ముక్కలు జారిపోయేవి, బ్రేకు నొక్కినా నొక్కనట్టే. కాలువ గట్టు మీద ఎదురుగా గడ్డి బండి వస్తే చెప్పుకాలు నేలకి రాస్తూ ఆపుకునేవాణ్ణి, కొత్త జత ఆర్నెల్లు కూడా ఆగడం లేదని మా అమ్మ సాధించేది. ఆ గట్టు మీద నాకు ఎదురొచ్చేది గడ్డి బండి, నీకు గచ్చిబౌలిలో ఎదురొచ్చేది కాంక్రీటు లారీ. డిస్కు బ్రేకు వానలోనూ పట్టుకుంటుందని చెప్పావు చూడు, నా లెక్కలో ఆ డబ్బంతా దానికే. కార్బన్ ఫ్రేము మోజు మాత్రం వద్దు. అది దెబ్బ తింటే లోపలి పగులు పైకి కనపడకపోవచ్చు. అల్యూమినియం ఫ్రేము, ఫోర్కు ఒక్కటి కార్బన్‌ది, నీకది చాలు. నువ్వు అంతగా పొగిడిన షిమానో గేర్ల వాళ్ళు 1921లో జపాన్‌లో సకాయ్ అనే ఊళ్ళో మొదలుపెట్టి మొట్టమొదట చేసింది ఫ్రీవీలేనట. పెడలు ఆపినప్పుడు నా అట్లాసు వెనక చక్రంలో టికటికమంటూ ఉండేదే, అదే వస్తువు. పాపం ఆ అట్లాసు వాళ్ళ సాహిబాబాదు ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అదీ ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు! పేపరు చదివి ఆ పూట కొట్లోకి వెళ్ళి నా అట్లాసుని బయటికి లాగి తుడిచాను.

ఇంకో సంగతి. నీ కొత్త సైకిలు సన్న టైరుకి ఊళ్ళో పంక్చరైతే ఏ షాపులోనూ ఆ ట్యూబు దొరకదు, దాని వాల్వుకి మన పంపు కూడా పట్టదు. నీ దగ్గరే ఒక ట్యూబు, చిన్న పంపు ఉండాలి. పంక్చరు వెయ్యడం నీకు కొత్తేం కాదులే. మన సందు చివర సైకిలు షాపు సాయిబుగారు ఇనప బేసిన్లో నీళ్ళు పోసి ట్యూబు కొంచెం కొంచెంగా ముంచుతుంటే నువ్వు పక్కన గొంతుక్కూర్చుని, బుడగ కనపడగానే "అదుగో" అని ఆయన కంటే ముందు వేలు పెట్టేదానివి. ఆయన అక్కడ కాపీయింగు పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆకురాయితో రుద్ది, సొల్యూషను రాసి, అది ఆరేదాకా నోటితో ఊదే పని నీకప్పగించేవాడు. పరీక్షల నెలలో బడిపిల్లల దగ్గర పంక్చరుకి డబ్బులు తీసుకునేవాడు కాదాయన. ఎందుకని అడిగితే మాట మార్చేవాడు.

ఆ షాపు తలచుకుంటే నీ లేడీబర్డు గుర్తొస్తుంది. తొమ్మిదో తరగతిలో ఒక వారమంతా నువ్వు బడి నుంచి నడిచి వచ్చావు, అడిగితే చైను తెగిందన్నావు. శనివారం సైకిలు ఇంటికి వచ్చింది, చూస్తే చైను కొత్త నూనెతో మెరుస్తోంది, క్యారియరు మీద ఎవరిదో పచ్చిగడ్డి అంటుకుని ఉంది. అవతలి గట్టు నుంచి వచ్చే మీ క్లాసు పిల్ల వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉందనీ, ఆ పిల్లే గేదెలకి గడ్డి తెచ్చి బడికి రావాల్సి వచ్చిందనీ తర్వాత మీ టీచరు చెప్పింది. నేను మళ్ళీ నిన్నేం అడగలేదు. మీ అమ్మకి చెప్పాను, అంతే. ఆ రాత్రి నీ కంచంలో నెయ్యి ఎక్కువ పడింది, నువ్వు గమనించావో లేదో.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు పంపిన ఫోటో నాలుగుసార్లు జూమ్ చేసి చూశాను, ఆ కొత్త సైకిలుకి క్యారియరు లేదు, స్టాండు లేదు, సీటు నీ కాలి పొడుగుకి బిగించినది. అది నీకొక్కదానికే పనికొచ్చే సైకిలు. తప్పని కాదు, ఒకటి అలాంటిది ఉండొచ్చు. కానీ నీ దగ్గర ఒకరికి ఇవ్వగలిగిన సైకిలు కూడా ఉండాలి బుజ్జీ, లేకపోతే నీకే తోచదు. కాబట్టి పాతదాన్ని ఎక్స్ఛేంజిలో పడేయకు, వాళ్ళిచ్చే రెండు మూడు వేలు ఎంతలోకి వస్తాయి. బ్రేకు రబ్బర్లు, కేబుళ్ళు మార్పించి ఓవరాయిలింగ్ చేయించు. మీ ఇంట్లో వంట చేసే అక్క కొడుకు కాలేజీకి బస్సు దొరక్క నడుస్తున్నాడన్నావు కదా, తాళం అతని దగ్గర ఉంచు. ఇచ్చానని చెప్పక్కర్లేదు, కింద ఊరికే పడుంది, కాస్త వాడుతుంటే పాడవదు అని చెప్పు. నీకు ఇలాంటివి నేను నేర్పాలా.

డబ్బు కట్టేముందు షాపు ముందు రెండు చుట్లు కాదు, అరగంట తొక్కి చూడు, నీ ఎత్తుకి ఫ్రేము సైజు వాళ్ళచేత కొలిపించు. తెల్లవారుజామున ఆ నీడబాట దాకా వెళ్ళేది మామూలు రోడ్డేగా, వెనక ఎర్రలైటు వెలుగుతూ ఉండాలి, ముదురు రంగు చొక్కా వద్దు. హెల్మెట్ మాత్రం నేను కొనిపెడతాను, కాదనకు. ఈ నెల పింఛను పడింది. నుదుటి మీదుగా తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఎన్ని సెంటీమీటర్లో ఆదివారంలోగా మెసేజి పెట్టు.

ఇట్లు,
నాన్న