బంధుప్రీతియు రాజ్యాభివృద్ధియు



ప్రభుత్వోద్యోగి తన యధికారమును స్వలాభమునకు వినియోగించుట అవినీతి. అర్హతను విడిచి, బంధువనియో తనవాడనియో ఒకనికి పదవి నొసగుట బంధుప్రీతి, ఆశ్రితపక్షపాతము. లంచమును అందరును నిందింతురు. బంధుప్రీతియో, 'మనవానికి మేలు చేసితిమి' అను సంతృప్తి చాటున దాగియుండును. కావుననే దీనిని గుర్తించుట కష్టము.

ఈ జాడ్యము క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజధనము నపహరించు మార్గములను నలువదింటిని పేర్కొనినది. ఈస్టిండియా కంపెనీ కాలమున పెద్ద కొలువులు డైరెక్టర్ల సిఫారసుచే లభించెడివి. వారి బంధువులకును, మిత్రుల బిడ్డలకును అవి దక్కెడివి. 1853 నాటి చార్టరు చట్టము ఈ పద్ధతిని తొలగించి పోటీ పరీక్షకు త్రోవ చూపెను. తొలి పరీక్ష 1855లో జరిగెను. అయినను పరీక్ష లండనులో జరుగుటచే భారతీయులలో బహుకొద్దిమందికే అది సాధ్యమయ్యెను. సత్యేంద్రనాథ టాగూరు 1863లో తొలి భారతీయుడుగా ఎన్నికయ్యెను. మన దేశమందును ఆ పరీక్షను జరుపుట 1922లో గాని ఆరంభము కాలేదు. నియమము న్యాయమైనదైన చాలదు. అది అందరికిని అందుబాటులో నుండవలెను.

దీనివలన అభివృద్ధికి కలుగు నష్టమెట్టిది? దక్షిణభారతమందలి కాలువల నీటిపారుదలను పరిశీలించి రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు 1982లో ఒక వ్యాసమును ప్రకటించెను. రాబడిగల చోటికి బదిలీ కోరు ఇంజనీరు అందులకై పైవారికి సొమ్ము చెల్లించును. ఆ సొమ్మును కంట్రాక్టర్ల నుండియు, రైతుల నుండియు రాబట్టుకొనును. మరమ్మతులకు కేటాయించిన ధనములో కొంత కాలువగట్టును చేరనే చేరదు. మరియొక చిత్రము గమనింపుడు. నీరు వేళకు నిశ్చయముగా వచ్చినచో రైతు లంచమేల యిచ్చును? కావున నీరు వచ్చునో రాదో యను సందేహమే ఆదాయమార్గ మగును. అనగా నష్టపోయినది రైతు ఇచ్చిన పైకము మాత్రమే కాదు; కాలువ యొక్క ప్రయోజనమే.

ప్రతిక్రియలు లేకపోలేదు. కె. సంతానం అధ్యక్షతన 1962లో నియమింపబడిన సంఘము సూచనపై 1964లో కేంద్ర విజిలెన్సు కమిషను ఏర్పడినది. 2003లో దానికి చట్టబద్ధత లభించినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము కార్యాలయపు దస్త్రములను అడిగి చూచు హక్కును పౌరునకిచ్చినది. రాజ్యాంగము 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో వంశమును, జన్మస్థలమును బట్టి వివక్ష చూపరాదని శాసించుచున్నది.

ఈ మాట మనకు ముఖ్యము. తరతరములుగా పరరాష్ట్రమున నివసించు తెలుగు కుటుంబములలో పెక్కింటికి కచేరీలలో చుట్టములు లేరు. సిఫారసు రాజ్యమేలుచోట మన బిడ్డలు వెనుకబడుదురు. పరీక్ష రాజ్యమేలుచోట నిలువగలరు. కేంద్ర సివిలు సర్వీసుల ప్రధాన పరీక్షను 1979 నుండి తెలుగునందును వ్రాయవచ్చును. అయితే ఒక హెచ్చరిక: మనవాడొకడు అధికారియైన నాడు 'మనవాడే గదా' యని అతనిని ఆశ్రయించినచో, మనము కోరిన న్యాయమును మనమే చెరచిన వారమగుదుము.

అభ్యాసము
1. లంచమునకును బంధుప్రీతికిని గల భేదమేమి?
2. నీటి రాకలోని అనిశ్చయము కొందరికి లాభమెట్లగును?
3. 1855 నాటి పరీక్ష భారతీయులకు ఏల అందుబాటులో లేకుండెను?