మళ్ళీ మళ్ళీ వచ్చే మంద్రం

పాట వినేటప్పుడు మన చెవి పై గొంతు మీదే ఉంటుంది. అడుగున మోగే మంద్ర స్వరాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఆ అడుగు వరుస మీదనే నిలబడిన ప్రక్రియ ఒకటి ఐరోపా సంగీతంలో ఉంది. దాని పేరు పాసకాలియా.

ఈ మాట స్పెయిన్‌లో పుట్టింది. 'పాసార్' అంటే నడవడం, 'కాయే' అంటే వీధి. 17వ శతాబ్దం ఆరంభంలో పాటకూ పాటకూ మధ్య గిటారుపై వాయించే చిన్న వరుసను అలా పిలిచేవారు. ఇటలీలో ఫ్రెస్కోబాల్డి 1627లో దీనిని కీబోర్డు రచనగా అచ్చు వేయించాడు. తర్వాత జర్మనీలో బాఖ్ ఆర్గన్ కోసం రాసిన పాసకాలియాలో 8 తాళఖండాల మంద్ర వరుస మీద 20 మార్పులు వస్తాయి.

దీని లక్షణాలు మూడు. మంద్ర వరుస చిన్నది. అది తిరిగి తిరిగి వస్తుంది. పైభాగం ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. మౌలాలి యార్డులో గూడ్సు బండి పట్టాల అతుకులు దాటే చప్పుడు మీద ఏ కూనిరాగమైనా తీయవచ్చు గదా! చప్పుడు అదే, పాట వేరు. ఇంగ్లండులో పర్సెల్ రాసిన డైడో విలాపంలో అడుగు వరుస ముగిసిన చోట గొంతు ఆగదు, దాటిపోతుంది. దుఃఖం ఆ దాటడంలోనే ఉంది.

మన తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు మోగే జమిడిక కూడా ఈ పనే చేస్తుంది. డొల్ల పాత్రకు ఒకవైపు తోలు, తోలు నడుమ నుంచి ఒక తంతి, తంతి కొసకు కర్రముక్క. కర్రను లాగి బిగిస్తూ తంతిని మీటుతారు. భౌతికశాస్త్రం ప్రకారం పొడవు మారకుండా బిగింపు 4 రెట్లయితే పౌనఃపున్యం 2 రెట్లవుతుంది, అంటే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. ఆ లెక్క జమిడిక మీటేవాడి చేతిలోనే ఉంది.

పాసకాలియాకూ దీనికీ చుట్టరికం ఉందని నేననడం లేదు. అక్కడ కాగితం మీద రాసిన వరుస. ఇక్కడ కథను బట్టి వేగం, బిగింపు మారుతాయి. కాని సూత్రం ఒకటే: అడుగు నిలకడగా ఉంటేనే పై గొంతుకు స్వేచ్ఛ.

అందుకే కథను మాత్రమే రాసుకుంటే మనకు దక్కేది సగమే. సెలవులకు ఊరెళ్ళే మిత్రులారా, కథకుడి మాటతోబాటు పక్కన జమిడిక మీటే చేతిని కూడా రికార్డు చేయండి. ఆ చేయి ఆగిపోతే, రేపు కథ పుస్తకంలో ఉన్నా పాడేవాడికి కాలు మోపే నేల ఉండదు.