వియత్నాం శరణార్థులు: తిరుగు ప్రయాణం, విదేశీ సాయం

1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమయ్యాక లక్షలాది వియత్నామీయులు పడవల్లో దేశం విడిచారు. వీరినే 'బోట్ పీపుల్' అంటారు. మొదట్లో ఒడ్డు చేరినవారందరినీ శరణార్థులుగానే పరిగణించేవారు. హాంకాంగ్ 1988 జూన్ 16 నుంచి విచారణ పద్ధతి తెచ్చింది. 1989 జూన్‌లో జెనీవా సదస్సు ఆమోదించిన 'సమగ్ర కార్యాచరణ ప్రణాళిక' (సీపీఏ) ఆ పద్ధతిని ఆగ్నేయాసియాకు విస్తరించింది. వేధింపులకు గురవుతామన్న భయానికి ఆధారం చూపినవారికి మూడో దేశంలో పునరావాసం, మిగిలినవారికి స్వదేశమే గతి.

పరీక్షలు రాసే అభ్యర్థులు శ్రద్ధగా చదవాల్సింది ఇక్కడే. 1978 చివర్లో కంబోడియాలోకి సైన్యాన్ని పంపినందుకు చాలా పాశ్చాత్య దేశాలు, జపాన్ వియత్నాంకు సాయం ఆపేశాయి. పేదరికం వలసను మరింత పెంచింది. తర్వాత అదే సాయం తిరుగు ప్రయాణానికి ఊతమైంది. స్వచ్ఛందంగా వెళ్లినవారికి ఐరాస శరణార్థుల సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్) నగదు భృతి ఇచ్చింది. ఐరోపా సముదాయం చిన్న వ్యాపారాలకు రుణాలు, ఉపాధి శిక్షణ సమకూర్చింది. తిరిగొచ్చినవారికే కాక స్థానికులకూ రుణాలివ్వడం తెలివైన నిర్ణయం, లేకుంటే ఊళ్లలో అసూయ రేగేది.

1989 డిసెంబరు 12న హాంకాంగ్ 51 మందిని బలవంతంగా హనోయ్‌కు పంపింది. నిద్రలో ఉన్న కుటుంబాలను తెల్లవారకముందే లేపి విమానం ఎక్కించడం ఏ ప్రణాళిక పేరు చెప్పినా సమర్థించలేనిది. అమెరికా సైతం దాన్ని వ్యతిరేకించింది.

సీపీఏ 1996 జూన్‌లో ముగిసింది. దాని కింద లక్షమందికి పైగా వియత్నాం చేరారు.