చలి పులి నుంచి కుండీ మొక్కలను కాపాడుకోండి!

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిందంటే ఆదిలాబాద్ ప్రాంతంలో చలి పులి పంజా విసురుతుంది. 2016లో పాత జిల్లా నాలుగు జిల్లాలైంది గానీ చలికి ఆ సరిహద్దులు పట్టవు. సముద్రానికి దూరంగా, ఉత్తరపు గాలికి ఎదురుగా ఉన్న ఈ ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోవడం కొత్తేమీ కాదు. కొన్నేళ్ళు 5 డిగ్రీల దాకా కూడా దిగుతుంది. మనుషులం కుంపటి దగ్గర చేరతాం, దుప్పటి కప్పుకుంటాం. మరి పెరట్లో, డాబా మీద ఉన్న మొక్కల సంగతేమిటి?

వానాకాలంలో వందలు పోసి కొన్న క్రోటన్లు, ఆంథూరియంలు సంక్రాంతి నాటికి ఆకులు నల్లబడి మోడుబారడం ఏటా చూస్తూనే ఉన్నాం. ఇంటి వద్ద చిన్న నర్సరీ పెట్టుకుని నాలుగు రూపాయలు సంపాదించుకునే వారికైతే ఒక్క చలి వారం ఏడాది లాభాన్ని ఊడ్చుకుపోతుంది. ఖర్చు లేని కొద్దిపాటి జాగ్రత్తలతో ఈ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

చలి ఎలా దెబ్బ తీస్తుంది?

మంచు గడ్డ కడితేనే మొక్క చస్తుందనుకోవడం పొరపాటు. వేడి ప్రాంతాల్లో పుట్టిన మొక్కలకు 10 డిగ్రీల దరిదాపుల్లోనే ఇబ్బంది మొదలవుతుంది. ఆకు కణాల పొరలు దెబ్బతిని లోపలి నీరు బయటికి కారుతుంది. ముందు ఆకు నీటిలో నానినట్లు కనిపిస్తుంది, తర్వాత గోధుమ రంగు, ఆపైన నలుపు తిరుగుతుంది. చల్లబడిన మట్టిలో వేళ్ళు నీటిని సరిగా పీల్చలేవు. అందుకే కుండీలో తడి ఉన్నా మొక్క వాడిపోతుంది. అది చూసి దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం. వేళ్ళు కుళ్ళిపోతాయి. నిజానికి చలికాలంలో కుండీ మొక్కలు చలితో కంటే ఇలా ఎక్కువ నీటితోనే చస్తాయి.

ఇంకో సంగతి గమనించండి. నేలలో ఉన్న మొక్క వేళ్ళకు భూమి వెచ్చదనం ఉంటుంది. కుండీ నాలుగు వైపులా గాలికి చల్లబడుతుంది. పిట్టగోడ మీద, సిమెంటు పలకల మీద పెట్టిన కుండీకి కింద నుంచీ చలే. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. అందువల్ల తెల్లవారుజామున, పొద్దు పొడిచే ముందు చలి అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. చల్లగాలి బరువైనది కాబట్టి పల్లపు చోట్లకు దిగి అక్కడే నిలుస్తుంది.

ఏవి లోపలికి, ఏవి బయట?

అన్నిటినీ ఇంట్లోకి మోయనక్కర్లేదు. ముందుగా మీ మొక్కలను మూడు రకాలుగా విడదీసుకోండి.

చలికి అసలు తట్టుకోలేనివి: ఆంథూరియం, ఆగ్లోనిమా, డిఫెన్‌బాకియా, వేడి ప్రాంతపు ఆర్కిడ్లు, కోలియస్, మనీప్లాంటు. వీటిని రాత్రిపూట తప్పనిసరిగా వరండాలోకో, గదిలోకో చేర్చాలి.

కాస్త అండ ఇస్తే బతికేవి: క్రోటన్లు, మందార, నూరువరహాలు, పాయిన్సెట్టియా, తులసి, కరివేపాకు, తమలపాకు తీగ, లేత బొప్పాయి, అరటి పిలకలు. వీటికి గోడ చాటు, రాత్రి కప్పు చాలు.

చలిని కోరుకునేవి: చామంతి, గులాబి, డాలియా, పిటూనియా, ఫ్లాక్స్. వీటికి ఇదే పూల కాలం. చలి అని నీడలోకి తెస్తే పూత తగ్గిపోతుంది. ఎండలోనే ఉంచండి.

దసరా నుంచే మొదలుపెట్టాలి

చలి వచ్చాక పరుగెత్తడం కంటే ముందే మొక్కను గట్టిపరచడం మేలు. దసరా దాటాక యూరియా వంటి నత్రజని ఎరువులు ఆపేయండి. నత్రజనితో వచ్చే లేత చిగుళ్ళే మొదట మాడిపోతాయి. కొమ్మల కత్తిరింపు, కుండీ మార్పిడి కూడా ఫిబ్రవరి దాకా వాయిదా వేసుకోవాలి.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే కోలియస్, మందార, క్రోటన్ల నుంచి నాలుగైదు కొమ్మ ముక్కలు తీసి చిన్న సంచుల్లో నాటుకోండి. కోలియస్ ముక్క గ్లాసు నీటిలో పెట్టినా వేరు పోస్తుంది. తల్లి మొక్క పోయినా వంశం నిలుస్తుంది. పెద్ద కుండీలు పది లోపలికి మోయలేం గానీ చిన్న సంచులు పది కిటికీలో పెట్టుకోగలం కదా!

గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు కోస్తా వెచ్చదనంలో పెరిగినవి. డిసెంబరులో వాటిని తెచ్చి ఒక్కసారిగా ఇక్కడి చలిలో పెడితే తట్టుకోలేవు. కొనదలిస్తే సెప్టెంబరులోపు కొనండి, లేదా ఫిబ్రవరి చివరి దాకా ఆగండి. ఇప్పటికే కొని ఉంటే కనీసం 15 రోజులు వరండాలో ఉంచి అలవాటు చేయండి.

చోటు, కప్పు

మొక్కల దగ్గర మామూలు ఉష్ణమాపకం ఒకటి వేలాడదీసుకోండి. తెల్లవారుజామున 12 డిగ్రీలు చూపించిన రోజు నుంచే జాగ్రత్తలు మొదలుకావాలి.

కుండీలను విడివిడిగా కాకుండా దక్షిణం లేదా తూర్పు గోడ వెంబడి దగ్గర దగ్గరగా చేర్చాలి. పగలు ఎండకు కాగిన గోడ రాత్రి మెల్లగా వేడిని వదులుతుంది. లేత మొక్కలు మధ్యలో, మొండివి అంచుల్లో ఉంచాలి. కుండీ కింద చెక్క గానీ మడిచిన గోనెసంచి గానీ వేయాలి. కుండీ చుట్టూ కూడా గోనెపట్టా చుట్టవచ్చు.

రాత్రి కప్పడానికి పాత ధోవతి, చీర, దుప్పటి ఏదైనా పనికొస్తుంది. నాలుగు పుల్లలు పాతి వాటి మీద కప్పాలి. బట్ట ఆకులకు తగలకూడదు. పొద్దు గూకకముందే, నేలలో ఇంకా వేడి ఉండగానే కప్పి, ఉదయం 8 గంటలకు తీసేయాలి. ప్లాస్టిక్ పట్టా ఆకుకు ఆనితే ఆనిన చోటల్లా చలి తగులుతుంది. పగలు తీయడం మరిస్తే లోపల మొక్క ఉడికిపోతుంది. కాబట్టి ఇంటి మొక్కలకు బట్టే మంచిది. చిన్న నర్సరీ వారు మడులపై వెదురు బద్దలను విల్లులా వంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తున పాలిథిన్ గుడారం వేసుకోవచ్చు. అయితే పగటిపూట రెండు చివరలూ తెరిచి గాలి ఆడనివ్వాలి.

గదిలో పెట్టే మొక్కలకు కిటికీ వెలుతురు అందాలి. మొక్క వెచ్చగా ఉంటుందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ పొగ మొక్కకు చేటు, అందులోని విషవాయువు మనుషుల ప్రాణాలకే ముప్పు.

పెరట్లో కొత్తగా నాటిన బొప్పాయి మొక్కలకు మూడు వైపులా గడ్డితో గానీ కొమ్మలతో గానీ దడి కట్టి, ఎండ తగిలేలా ఆగ్నేయ దిక్కు ఖాళీగా వదలాలి. మొదళ్ళలో వరిగడ్డి పరవాలి. బాగా చలి ఉంటుందనిపించిన రోజు సాయంత్రం నేలలోని మొక్కలకు తేలికపాటి తడి ఇస్తే మంచిది. తడి నేల పొడి నేల కంటే ఎక్కువ వేడిని దాచుకుంటుంది. ఈ సూత్రం నేలకే గానీ కుండీకి కాదు.

నీరు ఎంత, ఎప్పుడు?

కుండీ మట్టిలో వేలు అంగుళం లోతు గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే నీరు పోయాలి. అదీ ఉదయం 9, 10 గంటల మధ్యే. సాయంత్రం నీరు పనికిరాదు. కింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి. అడీనియంకు ఆకు రాలిందంటే నీరు దాదాపు ఆపేయవచ్చు.

కలాడియం, మే పువ్వు వంటి దుంప మొక్కల ఆకులు పండిపోతే భయపడకండి. అవి నిద్రపోతున్నాయంతే. నీరు మాని కుండీని పొడిచోట ఉంచితే వేసవి మొదట్లో మళ్ళీ మొలకెత్తుతాయి.

తులసి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కోటలోని తులసిని లోపలికి తేలేం. రోజూ చెంబెడు చన్నీళ్ళు పోయడంతో చలికాలంలో వేరు కుళ్ళి ఎండిపోతుంది. పూజకు ఉద్ధరిణెడు నీరు చాలు. ఎండిన వెన్నులు తుంచి గింజలు దాచుకోండి. రాత్రి పూట పల్చని నూలుబట్ట కప్పండి.

కరివేపాకు ఈ కాలంలో ఆకు రాల్చి ఎదుగుదల ఆపుతుంది. ఎరువు వేసి లేపబోకండి, వేడెక్కాక తానే చిగురిస్తుంది.

పురుగులు, తెగుళ్ళు

గోడ చాటున, గదుల్లో గాలాడని మొక్కలకు పిండినల్లి, ఎర్రనల్లి పడతాయి. వారానికోసారి ఆకుల అడుగు భాగం చూడాలి. పెద్ద ఆకులను తడిగుడ్డతో తుడవాలి. పురుగు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నురగ కలిపి పిచికారీ చేయాలి. గులాబీలపై బూడిద తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లాలి. ఏ మందైనా ఎండ వచ్చి ఆకు మీది మంచు ఆరాకే కొట్టాలి. వేపనూనెకూ గంధకానికీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉంచండి. రెండూ దగ్గర దగ్గరగా పడితే ఆకు మాడుతుంది.

నల్లబడ్డ మొక్కను పీకేయకండి!

ఆకులన్నీ మాడినా మొక్క చచ్చిందని తేల్చేయవద్దు. కాండాన్ని గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్లే. పైన ఎండినా అడుగున పచ్చగా ఉండవచ్చు, కాబట్టి కిందికి వస్తూ రెండు మూడు చోట్ల గీరాలి. మాడిన కొమ్మలను వెంటనే కోయవద్దు. అవి లోపలి కొమ్మలకు కప్పుగా పనిచేస్తాయి. పైగా కోస్తే కొత్త చిగురు వచ్చి మళ్ళీ చలి పాలవుతుంది. మెత్తగా కుళ్ళిన భాగాన్ని మాత్రం తీసేయాలి.

శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు. అప్పుడు పచ్చని భాగం దాకా కత్తిరించి, కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు వేసి, నీరు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. లోపల ఉంచిన మొక్కలను ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు కాలిపోతాయి. మొదట గంటసేపు పొద్దుటి ఎండ చూపించి, వారం పది రోజుల్లో క్రమంగా బయటి చోటుకు మార్చండి.

పాత చీర, గోనెసంచి, వేలితో తడి చూసే ఓపిక... ఇవి ఉంటే చాలు. ఈ రెండు నెలలూ కాపాడుకున్న మొక్క ఉగాదికి మీ వాకిట్లో కొత్త చిగురు తొడుగుతుంది.