మొదటిసారి బ్యాండులో గిటారు: వంత విద్య

వార్షికోత్సవం దగ్గరపడేసరికి ప్రతి కాలేజీలోనూ ఒక ఆర్కెస్ట్రా పుట్టుకొస్తుంది. తబలాకు ఒకరు, కీబోర్డుకో హార్మోనియానికో ఒకరు, పాడేవాళ్ళు నలుగురైదుగురు, ఎవరి దగ్గర్నుంచో అడిగి తెచ్చిన ఒక గిటారు. ఆ గిటారు పట్టుకున్న విద్యార్థి హాస్టలు గదిలో ఒంటరిగా వున్నప్పుడు చక్కగానే వాయిస్తాడు. పదిమంది మధ్య కూర్చోగానే చెయ్యి ఆడదు. త్రిపురారం నుంచో నిడమనూరు నుంచో రోజూ బస్సులో మిర్యాలగూడకు వచ్చి చదువుకునే కుర్రవాడైతే, "ఇది పట్నంవాళ్ళ వాద్యం, మనకెందుకులే" అనే జంకు కూడా తోడవుతుంది. అటువంటి మిత్రుల కోసమే ఈ వ్యాసం. ఇది గిటారు నేర్పే పాఠం కాదు. ఐదారు కార్డులు, అనగా ఒకేసారి పలికే స్వరాల గుత్తులు, చేతికి వచ్చినవారు నలుగురితో కలిసి వాయించడానికి ఎట్లా సిద్ధపడాలో చెప్పే పాఠం.

ముందుగా ఆ జంకు సంగతి. మన వైపు బుర్రకథ తెలియని ఊరు లేదు. కథకుడు తంబురా భుజాన వేసుకొని మధ్యన నిలబడతాడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ, పల్లవి అందుకుంటూ వుంటారు. కథకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో వంతకు తెలుసు. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ ఎత్తుకోవాలో తెలుసు. బ్యాండులో గిటారు వాయించేవాడు చేసేది సరిగ్గా ఈ పనే. "వంత పాడటం" అనే మాటను రాజకీయాల పుణ్యమా అని మనం తిట్టుగా మార్చేశాం గాని, సంగీతంలో అది గౌరవమైన ఉద్యోగం.

అమెరికాలో కౌంట్ బేసీ అనే జాజ్ బృందనాయకుని దగ్గర ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారిస్టు వుండేవాడు. 1937లో చేరి, 1987లో చనిపోయేదాకా, దాదాపు యాభై ఏళ్ళు ఆ బృందంలోనే వాయించాడు. ముందుకు వచ్చి ఒంటరిగా వాయించి చప్పట్లు కొట్టించుకున్న సందర్భాలు బహు అరుదు. అతని పనల్లా తాళానికి ఒక దెబ్బ చొప్పున కార్డు వేయడం. అయినా అతను లేని ఆ బృందాన్ని ఊహించలేమని సంగీతజ్ఞులు అంటారు.

అంత దూరం పోనక్కరలేదు. ఇళయరాజా పుట్టింది తమిళనాడులోని పణ్ణైపురం అనే పల్లెటూరులో. పద్నాలుగో ఏట అన్నగారి పాటల దళంలో చేరి ఊరూరా తిరిగాడు. తర్వాత మద్రాసులో, ఇంజనీరింగు చదువుకుంటూ పాటలు పాడుతున్న మన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన లలిత సంగీత బృందంలో గిటారు, ఆ పైన హార్మోనియం వాయించాడు. సంగీత దర్శకుడిగా తొలి చిత్రం 1976లో వచ్చింది. అంటే అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఒకరి గొంతు వెనక కూర్చుని వినడమే ఆయనకు పాఠమైంది. కాబట్టి గిటారు పట్నానిదా పల్లెదా అనే మీమాంస ఇక వదిలేద్దాం.

ఇప్పుడు అసలు చిక్కు: శ్రుతి. రిహార్సలుకు వెళ్ళగానే పాడే అబ్బాయి "నాది నాలుగున్నర" అంటాడు. గిటారు పుస్తకంలో నాలుగున్నర ఎక్కడా వుండదు. సి, డి, ఇ అని వుంటుంది. ఈ రెండు భాషలకూ వంతెన హార్మోనియం. తెల్లమెట్లు వరుసగా ఒకటి నుంచి ఏడు, అంటే సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి. నల్లమెట్లు అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర లేదు, ఎందుకంటే మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు. నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. కొత్తవాడి వేళ్ళకు అది కష్టమైన చోటు.

దీనికి మందు కాపో, అంటే గిటారు మెడకు బిగించే చిన్న పట్టీ. దాన్ని ఒక్కొక్క మెట్టు పైకి జరిపితే శ్రుతి ఒక్కొక్క అరస్వరం పెరుగుతుంది. మీకు డి, జి, ఏ కార్డులు సులువుగా వస్తాయనుకోండి. డి అంటే రెండు శ్రుతి. కాపో నాలుగో మెట్టు మీద పెట్టండి: రెండు నుంచి రెండున్నర, మూడు, నాలుగు, నాలుగున్నర. చేరిపోయారు! వేళ్ళు డి, జి, ఏ పడుతూనే వుంటాయి, పాట నాలుగున్నరలో పలుకుతుంది. అమ్మాయి ఐదున్నరలో పాడుతుందంటే జి, సి, డి పట్టి కాపో మొదటి మెట్టు మీద పెడితే చాలు. పాడేవారిని మాత్రం మీకు అనువైన శ్రుతికి లాగకండి. వాళ్ళకు ఏడాదికి ఒక్కసారి వచ్చే అవకాశమది. పై షడ్జం అందక గొంతు చీలితే హాలంతా నవ్వుతుంది, ఆ పిల్ల మళ్ళీ మైకు ముట్టుకోదు.

ప్రమాణ శ్రుతిలో ఏ స్వరానికి సెకనుకు 440 కంపనాలని 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఒప్పుకున్నారు. గిటారు ఐదో తీగ దానిలో నాలుగో వంతు, 110. ట్యూనర్లు చూపేది ఈ లెక్కే. కానీ పాత హార్మోనియానికి ఆ తీర్మానం తెలియదు! దాని రీడ్లను అప్పటికప్పుడు సవరించలేం, తీగను సవరించగలం. అందువల్ల ట్యూనర్ ఏమి చెప్పినా సరే, హార్మోనియంతోనే కలుపుకోండి. కీబోర్డు అయితే ఇంకో మోసం వుంది. వాయించే అతను శ్రుతి మార్చే మీట నొక్కి, సి మెట్లమీద వాయిస్తూ ఎఫ్ షార్ప్ పలికిస్తూ వుండవచ్చు. అతని వేళ్ళు చూసి కార్డు వేశారో, మునిగారన్నమాటే. చెవితో పట్టుకోండి.

కార్డుల ఎంపికలో కూడా మన రాగాలను గమనించాలి. మోహనంలో మ, ని లేవు. ఒకటి శ్రుతిలో మోహనమంటే సి, డి, ఇ, జి, ఏ అనే ఐదే స్వరాలు. ఈ ఐదింటిలో ఇమిడే మామూలు మూడు స్వరాల కార్డులు రెండే, సి మేజర్, ఏ మైనర్. పుస్తకం చెప్పిందని ఎఫ్ వేస్తే మ వచ్చి పడుతుంది, జి వేస్తే ని వస్తుంది. సంగీత దర్శకులు కావాలని అట్లా వేసి అందం తెచ్చిన పాటలున్నాయి, అది వారి చేతి చలవ. మీకు సందేహంగా వున్నచోట షడ్జ పంచమాలు రెండే పలికించండి. బోసిగా వుంటుందేమో గాని అపస్వరం రాదు.

ఇక తాళం. డప్పు వినని చెవి, కోలాటంలో కోపు మార్చని కాలు, చిరుతల భజన చూడని కన్ను మన పల్లెల్లో తక్కువ. ఆ నడక వంట్లో వున్నవాడికి సగం పని అయిపోయినట్లే. మిగతా సగం పరుగెత్తకుండా వుండటం. కొత్తవాడు పల్లవి ఒక వేగంతో ఎత్తుకొని రెండో చరణానికి ఉరుకులు పెడతాడు. తబలా అతన్ని చూస్తూ, పాదంతో తాళం వేస్తూ వాయించండి. కార్డు మార్పు సమయానికి అందకపోతే ఆ దెబ్బ వదిలేయండి, కుడిచెయ్యి మాత్రం గాలిలోనైనా ఆడుతూనే వుండాలి. దెబ్బ ఒకటి పోతే ఎవరికీ తెలియదు, తాళం పోతే అందరికీ తెలుస్తుంది.

రిహార్సలుకు పది పాటలు పెట్టుకునేవారిని చూస్తుంటాం. మూడు చాలు. ప్రతి పాటకూ మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఎవరు లెక్కపెట్టి మొదలుపెడతారు, మధ్య సంగీతం ఎన్ని ఆవర్తాలు, ఎవరి సైగతో ఆపుతారు. పాడేవారు చరణం మరిచిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. షడ్జం కార్డు మీద నిలబడి తాళం నడుపుతూ వుంటే, మాట గుర్తొచ్చాక వాళ్ళే అందుకుంటారు.

కొత్త తీగలు వేయదలిస్తే రెండు మూడు రోజుల ముందే వేయాలి. సాగి సాగి గాని అవి నిలవవు. స్టేజి లైట్ల వేడికి లోహపు తీగ వ్యాకోచించి శ్రుతి దిగుతుంది గనుక ఎక్కిన పది నిమిషాలకు మరోసారి సరిచూసుకోండి. గిటారు రంధ్రాన్ని స్పీకరు వైపు తిప్పితే మైకు కూస్తుంది, పక్కకు తిరిగి కూర్చోండి.

కరెంటు పోతుందని కూడా లెక్కలో వేసుకోండి. మైకు ఆగుతుంది, కీబోర్డు ఆగుతుంది. మామూలు చెక్క గిటారు, తబలా ఆగవు. అప్పుడు లేచి పాడేవారి పక్కకు జరిగి, పాట ఎక్కడ తెగిందో ఆ కార్డు మీదే తాళం నడుపుతూ వుండండి. జనరేటరు అందుకునేదాకా ముందు నాలుగు వరుసలకైనా పాట వినబడుతుంది.