భారం దేవుడి మీద వేయడం ఎలా?

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం పోయింది. హెచ్‌-1బి వీసా. 60 రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే తిరిగొచ్చేయాలట. నాకు నిద్ర పట్టడం లేదు. అందరూ ‘దేవుడి మీద భారం వేయండి’ అంటున్నారు. అదెలాగండీ?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, భారం వేయడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. పోతన భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడు మొసలితో వెయ్యేళ్లు పోరాడాడు. ఒంట్లో సత్తువ అయిపోయాకే మొర పెట్టుకున్నాడు. ఆ మొరలో ‘అసలు ఉన్నాడా’ అన్న సందేహమూ ఉంది. పోతన దాన్ని దాచలేదు, స్వామి దాన్ని తప్పు పట్టలేదు. కాబట్టి భయంతో, అనుమానంతో పెట్టిన దండమూ దండమే.

ఇలా భారం వేయడానికి, అంటే శరణాగతికి, వైష్ణవులు ఆరు అంగాలు చెబుతారు. మొదటిది దైవానికి ఇష్టమైన రీతిలో నడుచుకోవాలన్న సంకల్పం. అంటే మన వంతు మనకు ఉండనే ఉంది.

ఉద్యోగం వెతకడం, లాయరుతో మాట్లాడటం అబ్బాయి వంతు. మీ వంతు వాడికి ధైర్యం ఇవ్వడం. గంటగంటకూ ‘ఏమైంది’ అని మెసేజ్ పెట్టకండి. రోజుకోసారి ఫోన్ చేసి ‘తిన్నావా నాన్నా’ అని అడగండి. సాయంత్రం దీపం పెట్టి, మనసులో భయమంతా స్వామికి పేరుపేరునా చెప్పుకోండి. ఆపైన ఫలితం ఆయనది.

నమ్మకం వీసాకు హామీ కాదు. వాడు తిరిగొచ్చినా అది ఓటమి కాదు, దేవుడు చెయ్యి వదిలేసినట్టూ కాదు. నిద్రలేమి ఇలాగే సాగితే డాక్టరుకు చూపించుకోండి. అది భక్తికి లోటేమీ కాదు.