జెఫర్సను కొన్న దేశము, అందలి ప్రజల భాష

అమెరికా సంయుక్త రాష్ట్రములకు మూడవ అధ్యక్షుడైన తామస్ జెఫర్సను 1801 నుండి 1809 వరకు ఆ పదవియందుండెను. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనమును రచించినవాడుగా ఆయన పేరు మన పిల్లలకు సుపరిచితమే. ఆయన దౌత్యము, రాజ్యాంగదృష్టి, కోశాగార నిర్వహణము మూడును ఒక్కచోట ముడివడిన ఘట్టము 1803 నాటి లూసియానా కొనుగోలు. దానిని గూర్చియే యిచట వ్రాయదలచితిమి. పరభాషా ప్రాంతములలో బిడ్డలకు తెలుగు చదివించుకొనుచున్న తలిదండ్రులకు ఆ కథ వేరొక కారణముచేత గూడ తెలియదగినది.

ఆ కాలమున మిసిసిపీ నదికి పడమట రాకీ పర్వతముల దనుక వ్యాపించిన దేశమును లూసియానా యనుచుండిరి. నదీముఖమునకు చేరువనున్న న్యూ ఆర్లియన్సు దానికి ద్వారము. ఒహాయో, టెన్నెసీ ప్రాంతముల రైతులు తమ పిండిని, పొగాకును, పందిమాంసమును పడవలపై తెచ్చి, అచ్చట గిడ్డంగులలో నుంచి, సముద్రపు ఓడలకెక్కించెడివారు. స్పెయిను ఆ దేశమును 1800లో రహస్యపు సంధి మూలమున ఫ్రాన్సునకు తిరిగి యిచ్చుటకు ఒప్పుకొనెను. 1802 అక్టోబరులో, ఇంకను అచట నున్న స్పానిషు అధికారి ఆ నిలువ హక్కును రద్దు చేసెను. యుద్ధము చేయవలెనని కేకలు బయలుదేరెను. జెఫర్సను తొందరపడలేదు. పారిసునందలి రాయబారి లివింగ్‌స్టనుకు తోడుగా జేమ్సు మన్రోను పంపి, ముఖ్యముగా న్యూ ఆర్లియన్సును బేరమాడుమనెను.

మన్రో చేరులోపలనే నెపోలియను మనసు మారెను. సెయింట్ డొమింగో దీవిలో తిరుగబడిన బానిసలును, పచ్చజ్వరమును కలిసి ఆయన సైన్యమును నాశనము చేసినవి, బ్రిటనుతో యుద్ధము దగ్గరపడినది, ధనము కావలసివచ్చినది. నగరము మాత్రమే యేల, దేశమంతయు కొందురా యని ఫ్రెంచి మంత్రులే యడిగిరి. ఇట్లు జెఫర్సనుకు లభించిన అదృష్టములో పెద్దభాగము ఆ బానిసల రక్తముచే వచ్చినదే. అయినను వారు 1804లో స్థాపించుకొన్న హైతీ రాజ్యమును ఆయన గుర్తింపలేదు. పైగా 1806లో దానితో వర్తకమును నిషేధించెను. తన జీవితకాలమున ఆరువందలకు మించిన బానిసలను కలిగియుండిన వానినుండి వేరొకటి యాశింపలేము.

వెల 150 లక్షల డాలర్లు. భూమి సుమారు 8,28,000 చదరపు మైళ్లు. ఎకరమునకు మూడు సెంట్లయినను పడలేదు. ఇందు 112.5 లక్షలు ఆరు శాతము వడ్డీగల ఋణపత్రములు. మిగిలినది ఫ్రాన్సు అమెరికా వర్తకులకు బాకీపడిన మొత్తము. ఆ పత్రములను కొన్నవారు లండను, ఆంస్టర్‌డాం నగరముల బ్యాంకర్లు. బ్రిటను శత్రువునకు లండను సొమ్మే చేరుట చరిత్రలోని వింతలలో నొకటి! ఇంత కొత్త అప్పు చేసియు, కోశమంత్రి గాలటిన్ మితవ్యయముచే జాతీయ ఋణము ఎనిమిదేండ్లలో సుమారు 830 లక్షల నుండి 570 లక్షలకు దిగినది. అయితే ఆదాయమంతయు సుంకములపైననే నిలిచియుండుటచే, 1807 డిసెంబరున ఆయనయే విధించిన ఎగుమతి నిషేధము ఆ పునాదినే కదల్చినది. 1080 లక్షల డాలర్ల ఎగుమతులు మరుసటి యేట 220 లక్షలకు పడిపోయినవి.

రాజ్యాంగము స్పష్టముగా నియ్యని యధికారమును కేంద్రము చేపట్టరాదని జెఫర్సను జీవితమంతయు వాదించెను. పరదేశమును కొనుటకు అందు వాక్యము లేదు. సవరణ ముసాయిదాలు వ్రాసెను. నెపోలియను వెనుదీయునేమో యని మిత్రులు తొందరపెట్టగా వానిని ప్రక్కకునెట్టెను. సెనేటు 24-7 వోట్లతో సంధిని ఆమోదించెను. ఇది నియమభంగమే యని మా యభిప్రాయము; ఆయనయు దానిని మనసున నెరిగియుండెను. ఆ భూమిపై తరతరములుగా నున్న ఆదిమజాతులను ఎవ్వరును అడుగలేదు.

ఇక అచటి ఫ్రెంచి భాషీయుల సంగతి. సంధిలోని మూడవ ప్రకరణము వారికి స్వేచ్ఛను, ఆస్తిని, మతమును కాపాడెదమని మాట యిచ్చెను, భాష పేరెత్తలేదు. జెఫర్సను వారు స్వపరిపాలనమునకు ఇంకను తగరని తలచి, నియమిత మండలితో పాలన సాగించెను. గవర్నరు క్లెయిబొర్నుకు ఫ్రెంచి రాదు. 1804లో అచటి వారు కాంగ్రెసునకు విజ్ఞాపనము వ్రాసి, తమ భాష తెలియని పాలకుని గూర్చియు మొరపెట్టుకొని, ముగ్గురు ప్రతినిధులను వాషింగ్టనుకు పంపిరి. మరుసటియేట ఎన్నికైన సభ యొకటి లభించినది. 1808 నాటి న్యాయసంగ్రహము ఫ్రెంచిలో వ్రాయబడి, ఇంగ్లీషు అనువాదముతో వెలువడినది. 1812లో రాష్ట్రముగా చేరునప్పుడు మాత్రము, శాసనములు ఇంగ్లీషున వెలువడవలెనని రాష్ట్ర రాజ్యాంగముననే వ్రాసికొనవలసివచ్చినది. 1921 రాజ్యాంగము ప్రభుత్వ పాఠశాలలలో బోధన ఇంగ్లీషుననే జరుగవలెననెను. బడిలో తలిదండ్రుల మాట పలికిన బాలురు శిక్షకు గురియైరి. ఆ భాషను తిరిగి నిలుపుటకు రాష్ట్రప్రభుత్వము ఒక మండలిని స్థాపించినది 1968లో. అప్పటికి ఇంటిలో మాటాడువారు చాలవరకు వృద్ధులే.

మన యానాము సోదరులకు ఇచట నొకటి స్ఫురింపక మానదు. పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాములను భారతమునకప్పగించిన 1956 నాటి ఒడంబడికలో, ప్రజాప్రతినిధులు మార్పుకోరువరకు ఫ్రెంచియే అధికారభాషగా నుండునని ప్రత్యేకముగా వ్రాసిరి. 1803 నాటి పత్రమున అట్టి వాక్య మొక్కటియు లేదు.